ఎవరి పుస్తకాలు ఎవరు తెరుస్తారు?

1

ఫెడరల్ పోలీసు సంస్థలు కోర్టుతో నిమిత్తం లేకుండా తమంత తాముగా సబ్‌పీనాలు జారీ చెయ్యగలవా అనేది అమెరికాలో వకీళ్లు తర్కించుకునే ప్రశ్న. సాహిత్య విమర్శ పత్రికలో దానికేం పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. కాని ఈ ప్రశ్న చరిత్రను తిరగేస్తే అందులో రైల్వే యజమానులూ పొగాకు ట్రస్టులూ కనిపించినట్టే రచయితలూ, విలేఖరులూ, గ్రంథపాలకులూ, పేరు చెప్పుకోని పాఠకులూ కనిపిస్తారు. మన భాషలో పుస్తకం అనే మాటకు రెండర్థాలున్నాయి. చదువుకునేదీ పుస్తకమే, షావుకారు లెక్కలు రాసుకునేదీ పుస్తకమే. షావుకారు పుస్తకం తెరిపించడానికి ప్రజలు పోరాడి తెచ్చుకున్న ఆయుధం చదువరి పుస్తకం మీదికి ఎలా తిరిగిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు మాట అర్థం తెలుసుకుందాం. సబ్‌పీనా లాటిన్ మాట. 'శిక్షకు లోబడి' అని దాని అర్థం. మధ్యయుగాల ఇంగ్లండులో చాన్సరీ కోర్టు పంపే ఆజ్ఞాపత్రానికి ఈ పేరు వచ్చింది. రాకపోతే శిక్ష తప్పదనే బెదిరింపు ఆ పేరులోనే ఉంది. మన వాడుకలో దీన్ని తాఖీదు అనుకోవచ్చు. ఇది రెండు రకాలు. వచ్చి సాక్ష్యం చెప్పమనేది ఒకటి, ఫలానా కాగితాలు తెచ్చి అప్పగించమనేది మరొకటి. వారంటుకూ దీనికీ ఉన్న తేడా గమనించాలి. వారంటు ఉంటే పోలీసు తానే వచ్చి ఇల్లు సోదా చేస్తాడు. అందుకే, న్యాయాధికారి ముందు ప్రమాణం చేసి, తగిన ఆధారం చూపితేనే వారంటు ఇవ్వాలని అమెరికా రాజ్యాంగానికి 1791లో చేర్చిన నాలుగవ సవరణ నిర్దేశించింది. సబ్‌పీనాలో పోలీసు ఇంట్లోకి రాడు. మన కాగితాలు మన చేతనే తెప్పించుకుంటాడు. చూడటానికి ఇది మెత్తని పద్ధతి. ఆ మెత్తదనం కారణంగానే, నేరానికి ముందుగా ఆధారం చూపాలనే షరతు దీనికి వర్తించలేదు. మెలిక అంతా అక్కడే ఉంది.

మరి అసలు ప్రశ్నకు జవాబేమిటి? ఎఫ్.బి.ఐ.కి అన్ని నేరాలకూ వర్తించే సొంత సబ్‌పీనా అధికారం లేదు. మామూలు నేరపరిశోధనలో సబ్‌పీనా గ్రాండ్ జ్యూరీ పేరుతో వెళుతుంది. 16 నుంచి 23 మంది పౌరులుండే ఆ జ్యూరీ సర్కారుకూ మనిషికీ మధ్య అడ్డుగోడగా నిలవాలని రాజ్యాంగ నిర్మాతలు ఆశించారు. ఆచరణలో జరిగేది వేరు. కోర్టు గుమాస్తా సంతకం చేసి, ముద్ర వేసి ఖాళీ కాగితం ఇస్తాడు. ప్రాసిక్యూటరు అందులో పేరూ వివరాలూ పూరిస్తాడు. ఎఫ్.బి.ఐ. ఏజెంటు దాన్ని పట్టుకెళ్లి ఇచ్చి వస్తాడు. ఇది ఒక దారి.

రెండో దారి చట్టం ద్వారా తిన్నగా వచ్చిన అధికారం. ఫలానా శాఖకు, ఫలానా విషయంలో, కోర్టు గడప తొక్కకుండా తాఖీదు పంపే హక్కును అమెరికా కాంగ్రెసు విడివిడిగా ఇస్తూ వచ్చింది. మాదకద్రవ్యాల పరిశోధనకు 1970 చట్టం ఇచ్చింది. వైద్యసేవల్లో జరిగే మోసాల విషయంలో 1996లో ఇచ్చారు. పన్నుల శాఖకూ, కస్టమ్సుకూ, వలస అధికారులకూ వేరువేరు చట్టాలున్నాయి. 2002లో న్యాయశాఖ లెక్కవేస్తే ప్రభుత్వంలో ఇటువంటి అధికారాలు దాదాపు 335 తేలాయి. ఎఫ్.బి.ఐ.కి గుండుగుత్తగా అధికారం లేదన్న మాట నిజమే. చిల్లరచిల్లరగా ప్రభుత్వ శాఖలకు 335 అధికారాలున్నాయన్న మాటా నిజమే. ఈ రెండు నిజాలూ ఒకే దేశంలో ఎలా ఇమిడాయో తెలియాలంటే రైలు పట్టాల వరకూ వెనక్కి వెళ్లాలి.

2

పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో అమెరికా రైతు బతుకు రైల్వే కంపెనీ చేతిలో ఉండేది. పండించిన ధాన్యం పట్నం చేరాలంటే రైలే దిక్కు. ఆ రైలు కిరాయి ఎంతో, ఎవరికెంత రాయితీ ఇస్తున్నారో కంపెనీ లెక్కల పుస్తకాలకు తప్ప ఎవరికీ తెలియదు. పెద్ద వ్యాపారికి చాటుగా ఒక ధర, చిన్న రైతుకు బాహాటంగా మరో ధర. 1870 దశకంలో గ్రేంజ్ సంఘాలుగా కూడిన రైతులు దీని మీద కదిలారు. కొన్ని రాష్ట్రాలు కిరాయిలు నియంత్రిస్తూ చట్టాలు చేశాయి. రాష్ట్రాల మధ్య సాగే రవాణా మీద రాష్ట్రాలకు అధికారం లేదని 1886లో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడే, 1887లో, కాంగ్రెసు అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌ను ఏర్పాటు చేసింది. సాక్షులను పిలిపించే అధికారం, పుస్తకాలు తెప్పించే అధికారం ఆ కమిషన్‌కు ఇచ్చింది.

ఇక్కడ ఒక విషయం మరచిపోకూడదు. పాలనాశాఖ తానే తాఖీదు పంపే ఈ పద్ధతి, పౌరుణ్ణి వేధించడానికి పుట్టింది కాదు. గుత్తపెట్టుబడి చీకట్లో దాచుకున్న లెక్కలను వెలుగులోకి లాగడానికి పుట్టింది. దాని వెనుక రైతు ఉద్యమం ఉంది. కాబట్టి ఈ అధికారం అంతా నిరంకుశత్వమే అని తోసిపుచ్చేవాళ్లు తెలిసో తెలియకో కంపెనీల పక్షాన నిలుస్తున్నట్టే.

కంపెనీలు ఊరుకుంటాయా? పుస్తకాలు తెరవమన్నప్పుడల్లా వకీళ్లను పెట్టి వ్యక్తిస్వేచ్ఛ గురించి ఉపన్యాసాలిచ్చాయి. అమెరికాలో ఈ విషయం మీద రూపొందిన న్యాయసూత్రాల్లో చాలావాటికి మూలం సంపన్నుల నిరాకరణే. వాటిలో ముఖ్యమైనది 1894 నాటి బ్రిమ్‌సన్ కేసు. షికాగో ప్రాంతంలో ఒక ఉక్కు కంపెనీ చిన్న చిన్న రైలు మార్గాలను తన గుప్పిట్లో పెట్టుకుందా అని కమిషన్ విచారించింది. వాటాలు ఎవరివో చెప్పమంటే యాజమాన్యం చెప్పనంది, పుస్తకాలు చూపనంది. తగవు సుప్రీంకోర్టుకు వెళ్లింది. కోర్టు చెప్పిన తీర్పు సారాంశం ఇది: కమిషన్ విచారించవచ్చు, తాఖీదు పంపవచ్చు. కాని వినని మనిషిని తానే శిక్షించడానికి వీల్లేదు. జరిమానా వెయ్యాలన్నా, జైలుకు పంపాలన్నా కోర్టుకు రావలసిందే.

ఆనాటి నుంచీ ఈ అధికారానికి నడుమ ఒక గీత ఉంది. రాసే చెయ్యి ఒకటి, దండించే చెయ్యి మరొకటి. పాలనాశాఖ పంపిన తాఖీదు దానంతట అది కాటు వెయ్యదు. పుచ్చుకున్నవాడు 'ఇవ్వను' అన్నాకనే శాఖ కోర్టు తలుపు తట్టాలి. అప్పుడే న్యాయమూర్తి ఆ కాగితం చూస్తాడు. అంటే కోర్టు తలుపు తెరిచే తాళంచెవి నిరాకరణ. నిరాకరించేవాడు లేకపోతే ఆ కాగితాన్ని ఏ న్యాయమూర్తీ చూడడు. ఈ వ్యాసంలో ముందు ముందు రాబోయేదంతా ఈ ఒక్క మాటకు వ్యాఖ్యానమే.

1906లో పొగాకు ట్రస్టుకు సంబంధించిన హేల్ కేసులో సుప్రీంకోర్టు మరో రెండు సంగతులు చెప్పింది. తనమీద తాను సాక్ష్యం చెప్పుకోనవసరం లేదనే హక్కు మనుషులకేగాని కంపెనీలకు వర్తించదు. అలాగని కంపెనీ కాగితాలన్నీ గంపగుత్తగా పట్టుకురమ్మనడమూ కుదరదు. 1924లో అమెరికన్ టొబాకో కేసులో న్యాయమూర్తి హోమ్స్, ఏదో ఒకటి దొరక్కపోతుందా అని ఒకరి కాగితాలన్నీ కెలకడాన్ని కోర్టు ఒప్పుకోదని రాశాడు. మాట మంచిదే. అయితే ఆ మంచిమాట వల్ల ఆ రోజు మేలు జరిగింది పొగాకు కంపెనీకి. చరిత్రలో ఇటువంటి విడ్డూరాలు తప్పవు.

3

1930 దశకపు ఆర్థిక సంక్షోభం ఈ తూకాన్ని మార్చింది. రూజ్‌వెల్ట్ ప్రభుత్వం షేర్ మార్కెట్టు మీద, కార్మిక సంబంధాల మీద, వేతనాల మీద కొత్త సంస్థలను, కొత్త చట్టాలను తెచ్చింది. కనీసవేతనం, పనిగంటల గురించి 1938లో వచ్చిన చట్టం అమలు కావాలంటే యజమాని హాజరుపట్టీలు, జీతాల పుస్తకాలు చూడక తప్పదు. చూపనన్న యజమానుల్లో పత్రికల యజమానులు కూడా ఉన్నారు. పత్రికాస్వేచ్ఛ పేరు చెప్పి పుస్తకాలు దాచుకోబోయారు. 1946లో ఓక్లహోమా ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరించింది. నేరం జరిగిందని ముందుగా చూపనక్కరలేదు, చట్టం ఒప్పుకున్న విచారణ అయి, అడిగిన కాగితాలు దానికి సంబంధించినవై, అడగడంలో స్పష్టత ఉంటే చాలునంది. పత్రికలో పనిచేసే గుమాస్తా జీతం లెక్క అడిగితే పత్రికాస్వేచ్ఛకు భంగం కలగదన్న ఆ తీర్పుతో మనకు పేచీ ఉండనక్కరలేదు.

అయితే ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి ఒకాయన ఉన్నాడు. పేరు ఫ్రాంక్ మర్ఫీ. ఆయన కంపెనీల మనిషి కాడు. 1937లో మిషిగన్ రాష్ట్రానికి గవర్నరుగా ఉండగా ఫ్లింట్ పట్టణంలో మోటారు కార్మికులు ఫ్యాక్టరీలోనే బైఠాయించి సమ్మె చేశారు. వాళ్లను సైన్యంతో బయటికి గెంటించడానికి మర్ఫీ ఒప్పుకోలేదు. అటువంటి మనిషి కార్మికుల వేతనచట్టం కేసులో యజమానులకు అనుకూలమైన మాట ఎందుకు రాశాడు? ఈ చట్టం మంచిదే కావచ్చు, అధికారులూ మంచివాళ్లే కావచ్చు, కాని కోర్టు చేతిలో ఉండవలసిన తాఖీదును అధికారుల చేతికి అలవాటు చేస్తే రేపు అది ఎటు తిరుగుతుందో తెలియదని ఆయన భయం.

మర్ఫీని పెట్టుబడిదారీ ఉదారవాది అని కొట్టిపారెయ్యడం తేలిక. కాని ఆయన ఎత్తిన ప్రశ్న ఈనాటికీ అలాగే ఉంది. ఒక ఆయుధం ఎవరి మీద ప్రయోగించడానికి తయారైందన్నది ఎంత ముఖ్యమో, ఎవరి చేతిలో ఉంటుందన్నది అంతే ముఖ్యం. రాజ్యం వర్గస్వభావం మారకుండా రాజ్యం చేతికి ఇచ్చిన ఆయుధం, ఇచ్చినవాళ్ల మీదికే తిరగకుండా చూసే హామీ ఏమిటి? 1950లో మోర్టన్ సాల్ట్ కేసులో కోర్టు మరో అడుగు వేసింది. చట్టం అమలవుతోందో లేదో తెలుసుకోవాలనే ఆసక్తి ఒక్కటే ఉన్నా అధికారి కాగితాలు అడగవచ్చునంది. ఈ మాట ఉప్పు కంపెనీ విషయంలో చెప్పింది. మాట ఉప్పు కంపెనీ దగ్గరే ఆగలేదు.

4

అదే కాలంలో తాఖీదులు రచయితల ఇళ్లకు వచ్చాయి. అయితే వాటిని పంపింది పోలీసు సంస్థ కాదు, శాసనసభ. 1947లో ప్రతినిధుల సభకు చెందిన అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం హాలీవుడ్ రచయితలకు, దర్శకులకు సబ్‌పీనాలు పంపింది. కమ్యూనిస్టువా కాదా చెప్పమన్న ప్రశ్నకు జవాబు నిరాకరించిన పదిమందికి, ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలుశిక్షలు పడ్డాయి. డాల్టన్ ట్రంబో వారిలో ఒకడు. అదే విచారణకు 1947 అక్టోబరు 30న వచ్చిన బెర్టోల్ట్ బ్రెహ్ట్ జవాబులు చెప్పి మర్నాడే అమెరికా వదిలి వెళ్లిపోయాడు. 1951లో డిటెక్టివ్ నవలల రచయిత డాషియల్ హామెట్ ఫెడరల్ కోర్టులో నిలబడ్డాడు. పౌరహక్కుల సంస్థ ఒకటి నడిపే జామీను నిధికి ఆయన ధర్మకర్త. నిధికి డబ్బిచ్చినవాళ్ల పేర్లు చెప్పమన్నారు. ఆయన చెప్పలేదు. కోర్టు ధిక్కారం కింద ఆరు నెలల శిక్ష వేశారు. హామెట్ దాచింది లెక్కల పుస్తకమే. కాని ఉక్కు కంపెనీ దాచిన పుస్తకానికీ దీనికీ హస్తిమశకాంతరం ఉంది. ఒకటి లాభాన్ని దాచింది, రెండోది మనుషుల్ని దాచింది.

ఆ రోజుల్లో ఎఫ్.బి.ఐ. చేతిలో సొంత తాఖీదు లేదు. కనుక అది సజ్జనంగా ఉందని కాదు. వేగులను పెట్టింది, దొంగచాటుగా ఇళ్లలో, ఆఫీసుల్లో జొరబడింది. 1975, 1976 సంవత్సరాల్లో సెనేటు నియమించిన చర్చ్ కమిటీ ఇవన్నీ బయటపెట్టింది. తాఖీదు లేని పోలీసు చట్టాన్ని దాటాడు. తాఖీదు ఉన్న పోలీసుకు దాటే శ్రమ తప్పుతుంది. తేడా అంతవరకే.

గ్రాండ్ జ్యూరీ అనే అడ్డుగోడ సంగతి 1972లో తేలిపోయింది. నల్లజాతి విలేఖరి ఎర్ల్ కాల్డ్‌వెల్ న్యూయార్క్ టైమ్స్ తరఫున బ్లాక్ పాంథర్ ఉద్యమం గురించి రాసేవాడు. నమ్మి మాట్లాడినవాళ్ల సంగతులు గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పమని సబ్‌పీనా వచ్చింది. ఆయన నిరాకరించాడు. ఆ కేసునూ మరి రెండు కేసులనూ కలిపి సుప్రీంకోర్టు అయిదుగురు ఒక వైపు, నలుగురు మరో వైపుగా చీలి తీర్పిచ్చింది. గ్రాండ్ జ్యూరీ పిలిస్తే విలేఖరికి ప్రత్యేకమైన రక్షణ రాజ్యాంగంలో లేదంది.

ఇక గ్రంథాలయాల సంగతి. 1970లో కేంద్ర ఖజానా శాఖ ఏజెంట్లు మిల్వాకీ మొదలైన పట్టణాల గ్రంథాలయాలకు వెళ్లి, పేలుడు పదార్థాల గురించిన పుస్తకాలు ఎవరు తీసుకెళ్లారో చెప్పమన్నారు. దాంతో మేలుకున్న అమెరికా గ్రంథాలయ సంఘం 1971లో పాఠకుల రికార్డులు రహస్యమనే విధానం ప్రకటించింది. సరైన అధికారంతో వచ్చిన కోర్టు ఉత్తర్వో తాఖీదో ఉంటే తప్ప ఇవ్వవద్దని గ్రంథపాలకులకు చెప్పింది. ఆ తర్వాత ఎఫ్.బి.ఐ. ఏజెంట్లు సోవియట్ గూఢచారుల పేరు చెప్పి గ్రంథాలయాల్లో విచారిస్తూ తిరిగారు. ఈ సంగతి 1987లో న్యూయార్క్‌లో బయటపడింది. వాళ్ల చేతిలో కాగితం లేదు, నోటిమాటే. ఎందరో గ్రంథపాలకులు కాగితం ఏదని అడిగారు. దేశభక్తి గురించి ఉపన్యాసం విన్నాక కూడా కాగితం ఏదనే అడిగారు. కాగితం లేనందువల్ల ఏజెంట్లు వెనుదిరగవలసి వచ్చింది. పోలీసు సంస్థకు సొంత తాఖీదు లేకపోవడం అనే చిన్న లోటు ఆ రోజు పాఠకుడికి ఎంత పెద్ద కాపలా అయిందో ఇక్కడ చూడవచ్చు.

1998లో ప్రెసిడెంటు క్లింటన్ మీద విచారణ జరిపిన ప్రత్యేక ప్రాసిక్యూటరు కెన్నెత్ స్టార్, సాక్షి అయిన యువతి ఏయే పుస్తకాలు కొన్నదో చెప్పమని వాషింగ్టన్‌లోని క్రేమర్‌బుక్స్ దుకాణానికి సబ్‌పీనా పంపాడు. దుకాణం కోర్టుకెక్కింది. మనిషి ఏం చదువుతున్నాడో అడగాలంటే గట్టి అవసరం ఉందని ప్రభుత్వం నిరూపించాలని న్యాయమూర్తి అన్నదంటే, అది దుకాణం కాదన్నందువల్లనే. అక్కడా నిరాకరణే తలుపు తెరిచింది.

5

అయితే నిరాకరించవలసినవాడికి అసలు సంగతే తెలియకపోతే? ఆధునిక జీవితం తెచ్చిన పెద్ద మార్పు ఇదే. పూర్వం మనిషి కాగితాలు మనిషి పెట్టెలో ఉండేవి. ఇప్పుడు డబ్బు లెక్క బ్యాంకు దగ్గర, మాటల లెక్క టెలిఫోను కంపెనీ దగ్గర, చదువు లెక్క కంప్యూటరు కంపెనీ దగ్గర ఉంటున్నాయి. తాఖీదు వాళ్లకు వెళుతుంది. వాళ్లకు మనతో చుట్టరికం లేదు, ప్రభుత్వంతో పేచీ అక్కరలేదు. ఇచ్చేస్తే పోతుంది కదా అనుకుంటారు.

1976లో మిల్లర్ కేసు సరిగ్గా ఇదే. కోర్టు గుమాస్తా ఇచ్చిన ఖాళీ సబ్‌పీనాలను ప్రాసిక్యూటరు ఆఫీసులో పూరించి బ్యాంకులకు పంపారు. ఖాతాదారుకు ఎవరూ చెప్పలేదు. సుప్రీంకోర్టు ఏమన్నది? ఆ కాగితాలు బ్యాంకువి, ఖాతాదారువి కావు. బ్యాంకుకు చెప్పుకున్న సంగతి మీద అతనికి గోప్యతా హక్కు లేదు. కాంగ్రెసు దీన్ని కొంత సరిదిద్దుతూ 1978లో ఒక చట్టం చేసింది. బ్యాంకు వివరాలు తీసుకునేముందు సాధారణంగా ఖాతాదారుకు తెలియజెయ్యాలంది. ఆ చట్టంలోనే విదేశీ గూఢచర్యం విషయంలో ఒక మినహాయింపు పెట్టింది. ఆ చిన్న రంధ్రమే తర్వాత ద్వారం అయింది. 1986లో ఆ మినహాయింపును అభ్యర్థన స్థాయి నుంచి ఆజ్ఞ స్థాయికి పెంచారు. టెలిఫోను రికార్డులకూ విస్తరించారు. దాని పేరు 'జాతీయ భద్రతా లేఖ'. పేరు లేఖ, తీరు తాఖీదు. జారీ చేసేది ఎఫ్.బి.ఐ.యే. గ్రాండ్ జ్యూరీ అక్కరలేదు, న్యాయమూర్తి అక్కరలేదు. పైగా పుచ్చుకున్నవాడు ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదు.

2001 అక్టోబరులో వచ్చిన పేట్రియాట్ చట్టం ఈ లేఖలకున్న కట్లు విప్పింది. అంతకుముందు విచారణలో ఉన్న మనిషి విదేశీ ఏజెంటనే అనుమానానికి ఆధారాలుండాలి. ఇప్పుడు పరిశోధనకు సంబంధం ఉందని అధికారి రాస్తే చాలు. ఫలితం అంకెల్లోనే ఉంది. న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ 2007లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2000లో ఈ లేఖల ద్వారా అడిగిన అభ్యర్థనలు సుమారు 8,500. 2003 నుంచి 2005 వరకు మూడేళ్లలో 1,43,074. మాదకద్రవ్యాల శాఖ తీరు ఇంకా విశాలం. 1970 చట్టం ఇచ్చిన సొంత సబ్‌పీనాతోనే, అమెరికా నుంచి అనేక విదేశాలకు వెళ్లే ఫోన్ల వివరాలను 1990 దశకం తొలినుంచి 2013 దాకా మూకుమ్మడిగా సేకరించింది. ఒక్కొక్క నేరస్థుడి గురించి ఇచ్చిన అధికారం దేశం మొత్తం ఫోన్ల లెక్క పుస్తకమైంది. టెలిఫోను కంపెనీలు కాదనలేదు. కాదనలేదు గనుక ఏ న్యాయమూర్తీ చూడలేదు.

కాదన్నవాళ్లు ఎవరు? 2005 జులైలో కనెటికట్ రాష్ట్రంలో ఇరవైకి పైగా గ్రంథాలయాలకు కంప్యూటరు సేవలందించే సంస్థకు ఇటువంటి లేఖ వచ్చింది. అంతకుముందు ఫిబ్రవరిలో ఒకనాడు 45 నిమిషాల పాటు ఒక కంప్యూటరు వాడినదెవరో చెప్పమన్నారు. సంస్థ బాధ్యతలు చూస్తున్న నలుగురు గ్రంథపాలకులు ఇవ్వమన్నారు. పౌరహక్కుల సంఘం సాయంతో కోర్టుకెళ్లారు. వాళ్ల పేర్లు బయటికి రాకూడదు గనుక తమ కేసు విచారణకు తామే వెళ్లడానికి వీల్లేకపోయింది. వేరే ఊళ్లోని కోర్టు గదిలో కూర్చుని టెలివిజన్‌లో చూశారు. అదే సమయంలో పేట్రియాట్ చట్టాన్ని పొడిగించాలా అని కాంగ్రెసులో చర్చ జరుగుతోంది. ఆ చట్టం గ్రంథాలయాల జోలికి వెళ్లదని ఏలినవారు నమ్మబలుకుతున్నారు. అది అబద్ధమని స్వానుభవంతో చెప్పగలిగిన నలుగురి నోళ్లకు తాళం వేసి ఉంది. 2006 మార్చిలో చట్టం పొడిగించారు. ఏప్రిల్‌లో ఆ నలుగురి మీద నిషేధాన్ని ప్రభుత్వం వదులుకుంది. జూన్‌లో లేఖనే వెనక్కి తీసుకుంది. అంత అత్యవసరమన్న కాగితం అక్కరలేకుండా పోయింది.

ఆ తర్వాత కోర్టులు, 2015లో వచ్చిన చట్టం ఈ మౌననిబంధనను కొంత సడలించాయి. నోరు మూయించాలంటే ఎందుకో ప్రభుత్వం కోర్టులో చెప్పుకోవలసి వచ్చింది. అది నలుగురు గ్రంథపాలకుల వంటివాళ్లు తెచ్చిన మార్పు.

6

2017లో జరిగిన మరో ఘటన రచయితలు గుర్తుంచుకోదగ్గది. వలస విధానాన్ని విమర్శిస్తూ ట్విట్టర్‌లో మారుపేరుతో ఎవరో రాస్తున్నారు. ఆ మనిషెవరో చెప్పమని కస్టమ్స్ శాఖ ట్విట్టర్ కంపెనీకి తాఖీదు పంపింది. ఏ చట్టం కింద? దిగుమతి సరుకుల సుంకాల లెక్కలు చూడటానికి ఉద్దేశించిన చట్టం కింద! ఏప్రిల్ 6న కంపెనీ కోర్టుకెక్కింది. మర్నాడే శాఖ తాఖీదును ఉపసంహరించుకుంది. సరుకు లెక్కల కోసం ఇచ్చిన అధికారం మారుపేరు రచయిత ముసుగు లాగడానికి వచ్చిందంటే, మర్ఫీ భయం డెబ్బై ఒక్క ఏళ్లకు అక్షరాలా నిజమైందన్న మాట.

మరుసటి ఏడు, 2018లో, కార్పెంటర్ కేసులో సుప్రీంకోర్టు మిల్లర్ తీర్పుకు ఒక హద్దు గీసింది. సెల్‌ఫోను కంపెనీ దగ్గరున్నా, మనిషి రోజుల తరబడి ఎక్కడెక్కడ తిరిగాడనే లెక్కకు సాధారణంగా వారంటు ఉండాలంది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి అలిటో ఓక్లహోమా ప్రెస్ నాటి సూత్రాన్నే ముందుకు తెచ్చి, కాగితం తెప్పించుకోవడానికి వారంటు ఎప్పుడూ అక్కరలేదని వాదించాడు. కంపెనీ జీతాల పుస్తకానికీ మనిషి అడుగుజాడలకూ తేడా లేదన్నట్టు సాగే వాదన అది. తేడా ఉందని చెప్పడమే మన పని.

మన దేశంలో ఈ ప్రశ్నే పుట్టదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 94వ సెక్షన్ తాఖీదు అధికారాన్ని కోర్టుతోపాటు పోలీసు స్టేషను అధికారికీ ఇచ్చింది. కోర్టు ఇస్తే సమన్లు, స్టేషను అధికారి ఇస్తే రాతపూర్వకమైన ఉత్తర్వు. పేర్లు వేరు, పని ఒకటే. 1973 కోడ్‌లో అది 91వ సెక్షన్ అయింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో మళ్లీ 94వ సెక్షన్ అయింది. వలసపాలకుడు ఇచ్చిన అంకె తిరిగి ఇంటికి చేరింది. అమెరికన్ పాఠకుడు నూరేళ్లకు పైగా తర్కిస్తున్న అధికారాన్ని మన స్టేషను అధికారి ఒక తెల్లకాగితం మీద ప్రయోగించగలడు. ఆ సంగతి మన సాహిత్యలోకంలో ఎంతమందికి తెలుసు?

ఈ చరిత్ర నుంచి తీసుకోవలసిన నిర్ధారణలు రెండే. మొదటిది, పెట్టుబడి లెక్కలు తెరిపించే అధికారాన్ని ప్రజలు వదులుకోకూడదు. గోప్యత పేరుతో కంపెనీలు చేసే వాదనను పాఠకుడి గోప్యతతో కలిపి చూడటం పొరపాటు. కంపెనీకి రహస్యం లాభసాధనం, మనిషికి రహస్యం ఆలోచించుకునే చోటు. రెండోది, అధికారి స్వయంగా తాఖీదు పంపగలిగిన చోట చట్టం మనకు మిగిల్చిన రక్షణ ఒక్కటే, అది నిరాకరణ. ఆ నిరాకరణను పనికిరాకుండా చెయ్యడానికి రాజ్యం రెండు మార్గాలు పట్టింది. తాఖీదును మనకు గాక మన పుస్తకం దాచిన మూడోవాడికి పంపడం ఒకటి, వాడి నోరు కట్టెయ్యడం రెండు.

ఉక్కు కంపెనీ కాదన్నప్పుడు దాని వెనుక డబ్బుంది, వకీళ్లున్నారు. హామెట్ కాదన్నప్పుడు ఆయన వెనుక జైలు తలుపు ఉంది. కనెటికట్ గ్రంథపాలకులు కాదన్నప్పుడు వాళ్లు రక్షించిన పాఠకుడెవరో లోకానికి తెలియదు, తెలియవలసిన పనీ లేదు. పాఠకుడు లేని రచయిత లేడు. ఏం చదివితే ఎవరు అడుగుతారో అని జంకుతూ పుస్తకం తీసే పాఠకుడికోసం మనం ఏం రాయగలం? గ్రంథాలయం నడిపేవాళ్లూ, పత్రిక నడిపేవాళ్లూ, చందాదారుల జాబితా దాచేవాళ్లూ మనలోనే ఉన్నారు. రేపు ఆ జాబితా అడుగుతూ కాగితం వస్తే, అది ఎవరిచ్చిన కాగితం, ఏ చట్టం కింద, ఎవరి సంతకంతో అని అడగడం ఈరోజే నేర్చుకోవాలి.